దండ వేసిన ఫొటో

ఢిల్లీబాబు దేవుడికి భయపడడు, పోలీసుకు భయపడడు. రోడ్డు దాటే మనిషికైతే అసలే భయపడడు. గ్రానైట్ దిమ్మెలు ఎక్కించుకుని చిత్తూరు నుంచి చెన్నైకి లారీ తోలడం అతని పని. శ్రీ సిటీ దారిలో రోడ్డును వెడల్పు చేసి నాలుగు వరుసలు వేసినప్పటి నుంచి అతని సంబరం చెప్పనలవి కాదు. యాక్సిలరేటర్ మీద పెట్టిన కాలు తీసే పనే లేదు.

ఆ రోడ్డు ఒక పల్లెను నిలువునా కోసింది. ఇళ్లు ఇటు, బస్సులు ఆగే చోటు అటు. దాటడానికి వంతెన లేదు, సిగ్నల్ లేదు. పల్లె జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని డివైడర్ ఎక్కి దిగి పరుగెత్తేవాళ్లు. వాళ్లను చూస్తే ఢిల్లీబాబు హారన్ కొట్టేవాడే గాని బ్రేకు తొక్కేవాడు కాదు.

ఒక సాయంత్రం అక్కడి టీ బంకు దగ్గర ఆగినప్పుడు ఆ ఫొటో కంటబడింది.

రోడ్డు పక్కన రాయి పాతి, దానికి కట్టారు. ఇరవై ఏళ్లుంటాయేమో ఆ పిల్లకు. నీలం రంగు ఫ్యాక్టరీ చొక్కా, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, నవ్వాలా వద్దా అన్నట్టున్న ముఖం. పైన బంతిపూల దండ. కింద 'లోహిత' అని పేరు, పుట్టిన తేదీ. పోయిన తేదీ లేదు. రాయించడానికి మనసు ఒప్పుకోలేదేమో అనుకున్నాడు ఢిల్లీబాబు.

ఒక ఆడమనిషి వాడిన దండ తీసి కొత్తది వేసింది. వేసిన వెంటనే గబగబా లెంపలు వేసుకుంది.

"ఎవురప్పా ఆమె?" అని టీ పోస్తున్న చిన్నబ్బను అడిగాడు.

"నాగవేణి. ఆ పాప తల్లి." చిన్నబ్బ తల ఎత్తలేదు. "ఇంకేమన్నా కావాలంటే ఆమెనే అడుగు."

ఢిల్లీబాబు గ్లాసుతోనే దగ్గరికి వెళ్లాడు. "ఎట్ల జరిగింది అక్కా?"

నాగవేణి అతన్ని చూడలేదు. అతని లారీని చూసింది.

"ఈడ రోడ్డు దాటాల్నంటే ఎంత భయంగా ఉంటాదో నీకేం తెలుసు నాయనా? స్పీడ్ బ్రేకర్ వెయ్యండని కాళ్లు పట్టుకుంటిమి. ఎవురూ ఇన్లేదు. నువ్వన్నా నిదానంగా పో. నీకు పుణ్యముంటాది."

"అట్లనే అక్కా" అన్నాడు. పల్లె దాటకముందే మరిచిపోయాడు.

వారం తిరక్కుండానే మళ్లీ అదే దారి. పొద్దు గుంకింది. సన్నగా తుంపర పడుతోంది. డివైడర్ మీద ఏదో నీలంగా కదిలింది. అలవాటు కొద్దీ చెయ్యి హారన్ మీదికి పోయింది. ఆ ఆకారం దిగి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. లారీ వెలుతురు ముఖం మీద పడింది.

నీలం చొక్కా. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ.

పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తొక్కనంత గట్టిగా బ్రేకు తొక్కాడు. దిమ్మెల బరువుకు లారీ కీచుమంటూ జారి, జారి, ఆగింది. ఆ పిల్ల తిట్టలేదు, అరవలేదు. రెప్ప వేయకుండా ఒక్క క్షణం అతన్నే చూసింది. తర్వాత తడి రోడ్డు మీద చప్పుడు లేకుండా నడిచి, ఫొటో ఉన్న వైపు మసకలో కలిసిపోయింది.

ఢిల్లీబాబు పక్కకు తిరిగాడు. ఫొటోలో అదే ముఖం. ఎప్పుడో మానేసిన గోవింద నామం దానంతటదే నోట్లోకి వచ్చింది. ఆ రాత్రి చెన్నైలో కళ్లు మూస్తే ఆ పిల్లే.

తిరుగు ప్రయాణంలో టెంకాయ, పూలు తెచ్చి ఫొటో ముందు పెట్టాడు. నాగవేణికి చేతులు జోడించాడు.

"నీ కూతురు కనపడిందక్కా. నా బండికి అడ్డం వచ్చింది. ఈ కండ్లతో సూసినాను."

నాగవేణి ముఖం పాలిపోయింది. అతని రెండు చేతులూ పట్టుకుంది.

"నిలిపినావు గదా నాయనా. నిలిపినావు. అది సాలు." అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "నీ తోటి డ్రైవర్లకంతా సెప్పు. ఒక్కర్ని గూడా ఇడవాకు."

చెప్పాడు. చిత్తూరు లారీ స్టాండులో చెప్పాడు, తడ దగ్గర ధాబాల్లో చెప్పాడు. డ్రైవర్ల నోట్లో పడ్డ కథ ఊరికే ఉంటుందా? ఆ పిల్ల కాళ్లు వెనక్కి తిరిగి ఉన్నాయని ఒకడన్నాడు. తన క్యాబిన్‌లోకి తొంగి చూసిందని ఇంకొకడన్నాడు. పొద్దు వాలితే చాలు, ఆ పల్లె దగ్గర లారీలు, కార్లు ఊపిరి బిగబట్టుకుని నడిచేవి. నీలం చొక్కా కనిపిస్తే ఉన్నచోటే ఆగిపోయేవి.

మొన్న సాయంత్రం కూడా బండ్లన్నీ అలాగే ఆగిపోయినప్పుడు, ఫ్యాక్టరీ బస్సు దిగి రోడ్డు దాటి ఇంటికొచ్చిన కూతుర్ని నాగవేణి గడప బయటే నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ ముమ్మారు తిప్పి దిష్టి తీసి, "కాళ్లు కడుక్కోని రా లోహితా, అన్నం పెడతా" అంది.