నాలుగో నిమిషం

"బాబూ, ఆ నవ్వేదీ?"

కుర్చీలో కూర్చున్న పెద్దాయన కళ్లు తెరిచి అడిగాడు.

"తీసేశారండీ" అన్నాడు సేల్స్‌మన్ హుషారుగా. "ఇది కొత్త రికార్డు. కంపెనీవాళ్లు పాతదాన్నే శుభ్రం చేసి మళ్లీ వేశారు. అద్దంలా ఉంది కదూ?"

"అద్దంలానే ఉంది. అందులో మనిషే లేదు."

ఖరీదైన స్పీకర్లమ్మే షాపు అది. కొనేముందు విని చూడటానికి వెనక ఒక గది. గోడలకు మందపాటి గుడ్డ, మనిషెత్తు స్పీకర్లు రెండు, వాటికి సరిగ్గా మధ్యన ఒకే ఒక్క కుర్చీ.

పెద్దాయన వారం వారం వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. అడిగేది ఒకటే రికార్డు. ఎప్పటిదో వయొలిన్ పాట. నాలుగో నిమిషం దాటగానే లేచి, "వస్తా బాబూ" అని వెళ్లిపోయేవాడు. ఏనాడూ ఒక వైరు ముక్క కూడా కొన్న పాపాన పోలేదు.

షాపులో ఆయనకు పేరు కూడా పెట్టేశారు, 'నాలుగో నిమిషం' అని.

నాలుగో నిమిషంలో ఏముందో సేల్స్‌మన్‌కి బాగా తెలుసు. వయొలిన్ ఒక్క క్షణం ఊపిరి తీసుకునే చోట, వెనకెక్కడో తలుపు కిర్రుమంటుంది. ఎవరో ఆడమనిషి నవ్వబోయి, ఠక్కున ఆపుకుంటుంది.

"మామూలు సెట్లో ఇది వినపడనే వినపడదు సార్!" అని చెప్పి, సగం సెట్లు ఆ నవ్వు వినిపించే అమ్మాడు అతను.

ఓసారి పెద్దాయన దగ్గరా గొప్పలు పోయాడు. "చూశారా మా సెట్టు పనితనం?"

"సెట్టు ఉన్నదే చెబుతుంది బాబూ. లేనిది ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆ రోజు మైకు పట్టింది కాబట్టి, ఇవాళ నీ సెట్టు పలుకుతోంది."

బీఎస్సీ చదివిన నాకే పాఠమా, అనుకున్నాడు సేల్స్‌మన్. వాళ్లింట్లో డిగ్రీ మొహం చూసినవాడు అతనొక్కడే. ఆ మాత్రం గీర ఉంది.

ఇప్పుడు పెద్దాయన కుర్చీలోంచి లేవడం లేదు.

"పాతది లేదా బాబూ?"

పాత రికార్డు చేతికందే దూరంలో, కౌంటరు సొరుగులోనే ఉంది. కానీ అద్దాల తలుపు అవతల మంచి బేరం నిలబడి గడియారం చూసుకుంటోంది. ఇక్కడ తీసి, తుడిచి, వేసి, నాలుగు నిమిషాలు ఆగడమంటే...

"ఇచ్చేశామండీ" అనేశాడు.

"ఎవరికి?"

"ఏమో మరి. అయినా ఏంటి పెద్దాయనా, పాట బాగుంటే చాలదా? పనికిరాని చప్పుడు మీదేనా మీ మనసంతా?"

పెద్దాయన కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. కౌంటరు మీది షాపు కార్డొకటి తీసుకుని, తన ఫోన్ నంబరు చీటీ మీద రాసిచ్చాడు.

"ఎక్కడైనా దొరికితే ఒక్క ఫోన్ చెయ్యి బాబూ."

"అలాగేలెండి."

పై వారం గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "దొరికిందా?"

"లేదండీ."

ఆ పై వారమూ అంతే. ఒకసారి అబద్ధమాడాక, ఇప్పుడు తీసిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

తర్వాత ఆయన రావడం మానేశాడు. "కుర్చీ ఖాళీ అయింది, బతికాం" అన్నాడు ఓనరు. సేల్స్‌మన్ కూడా నవ్వాడు.

రెండు నెలలకు ఒకావిడ వచ్చింది. చేతిలో అదే షాపు కార్డు, చంకలో పాత రికార్డు అట్ట.

"మా నాన్నగారు మీ దగ్గరికి వస్తుండేవారు. వయొలిన్ పాట వినడానికి..."

"నాలుగో..." అనబోయి నాలుక కరుచుకున్నాడు సేల్స్‌మన్. "ఎలా ఉన్నారమ్మా?"

"పోయారండీ. నెలైంది."

ఆవిడ అట్టలోంచి రికార్డు బయటికి తీసింది. నల్లటి పళ్లెం మీద ఒక్కచోట మాత్రం సన్నటి తెల్లటి గీత. "ఇంట్లో ఉన్నది ఇది. ఆ ఒక్క చోటే వేసి వేసి అరగదీశారు. ఇప్పుడక్కడ గరగర తప్ప ఏమీ లేదు. ఆఖరి రోజుల్లో కూడా 'షాపబ్బాయి ఫోన్ చేశాడా?' అనే అడిగేవారు. పోనీ, ఈలోగా మీకేమైనా దొరికిందేమోనని..."

సేల్స్‌మన్ సొరుగు లాగాడు. పాత రికార్డు, దాని కింద నంబరు రాసిన చీటీ, ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆవిడ సొరుగు వంక చూసింది. అతని వంక చూసింది. తిట్టినా బాగుండేది అనిపించింది అతనికి.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి రికార్డు వేశాడు. బయట ఎవరో బెల్లు కొట్టారు. వెళ్లలేదు.

నాలుగో నిమిషం వచ్చింది. వయొలిన్ ఆగింది. తలుపు కిర్రుమంది. ఎవరో నవ్వబోయి, ఆపుకున్నారు.

ఆవిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. అచ్చం పెద్దాయనలాగే.

"ఎవరమ్మా అది?" అడిగాడు సేల్స్‌మన్.

"మా అమ్మ. రికార్డింగు గది బయటి ఎర్రలైటు చూసుకోకుండా, నాన్నకి అన్నం క్యారియరుతో తలుపు తీసేసిందట. నాకు ఊహ తెలిసేసరికే లేదు."

ఆవిడ తిరుగుతున్న రికార్డుని చూపించింది.

"ఈ పాట రికార్డు చేసింది మా నాన్నేనండీ. నలభై ఏళ్లు అందరి గొంతులూ పట్టిన మనిషికి, అమ్మ గొంతంటూ మిగిలింది ఇదొక్కటే."