పలకకు ఎక్కిన గొంతు

రేపే బడి తెరిచేది. ఈ సాయంత్రంలోగా, బడివాళ్లు పిల్లకిచ్చిన మాట్లాడే పలకకు తల్లి గొంతు ఎక్కించాలి. ఏడాది పొడుగునా పొద్దున్నే లేపేదీ, పాఠం చదివించేదీ ఆ గొంతే. ఎక్కించకపోతే ముక్కూ మొహం తెలియని ఎవరో ఆడమనిషి గొంతు బడివాళ్లే పెట్టేస్తారు.

యూనిఫారాలు ఉతికి, పుస్తకాలకు అట్టలేసి, నాంచారమ్మ పలక ముందు కూలబడింది.

"లేమ్మా, బడికి వేళయింది."

"గొంతులో అలసట ఉంది. మళ్లీ చెప్పండి" అంది పలక. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

"నవ్వుతూ చెప్పవే అమ్మా! పరాయి గొంతు పిలిస్తే నేను లేవను" అని కూతురు లిఖిత ఏడుపు మొహం పెట్టింది.

"నవ్వు అంగట్లో దొరికితే తెచ్చుకునేదాన్నేగా!"

పాలు తీసే వేళయిందని నాంచారమ్మ లేచింది. లిఖిత పలక పట్టుకుని గేదె పాకలోకి ఆమె వెంటే వెళ్లింది.

"లే నా బంగారూ, ఎంతసేపు పడుకుంటావే తల్లీ" అంటూ నాంచారమ్మ గేదె మెడ నిమిరింది.

పలక పచ్చగా వెలిగింది. "గొంతు బాగుంది. ఇదే ఖాయం."

లిఖిత గంతులేయలేదు.

"నాతో ఎప్పుడైనా ఇలా మాట్లాడావా అమ్మా?"

నాంచారమ్మ చెయ్యి గేదె మెడ మీదే ఆగిపోయింది.

"రేపట్నుంచి రోజూ పలక మాట్లాడుతుందిగా, తల్లీ" అంది.

ఆ పిలుపులోనూ అలసటే వినిపించింది.