ఎదురుగా ఆగిన కారు

తలుపులో నిలబడ్డ మనిషిని చూడగానే జూరా చేతిలో సూది ఆగిపోయింది. కొన్నాళ్లుగా వీధికి అవతల బూడిదరంగు కారు ఆపుకుని, తన కొట్టుకేసి అదే పనిగా చూస్తున్నవాడే.

ఆ సంగతి మొదట పసిగట్టింది పక్కన రొట్టెలమ్మే సైరా. ఒంటరిగా ఉండొద్దని మరీ మరీ చెప్పింది కూడా. నారిన్ ఊళ్లో పెళ్లికూతురి వెంట పంపే బొంతలంటే జూరా కొట్టే. గుర్రం మీంచి పడి నడుము కింద చచ్చుబడ్డాక, ఇంట్లో ఓ మూల పడి ఉండలేక, చక్రాల కుర్చీకి అందేట్టు బల్లలు కోయించుకుని పెట్టుకున్న కొట్టది. ఇప్పుడు ఇద్దరాడవాళ్లకు తనే పనిస్తోంది. ఇవాళ వాళ్లిద్దరూ పెళ్లికి పోయారు. సైరా కూడా.

"ఒక్కదానివేనా?" అన్నాడతను.

"మా అన్న వస్తున్నాడు" అని అబద్ధమాడింది.

అతను ద్వారబంధం పట్టుకుని లోపలంతా కలయజూశాడు. బల్లల ఎత్తు చూశాడు, వెనక తలుపు చూశాడు. అంత రంగురంగుల బొంతల వంక మాత్రం కన్నెత్తి చూడలేదు.

"కుర్చీలోంచి పడితే నీ అంతట నువ్వు లేవగలవా?"

జూరా మెల్లగా కత్తెరను ఒళ్లోకి లాక్కుని పైన గుడ్డ కప్పింది.

"పడ్డప్పుడు అరిస్తే ఎవరికైనా వినబడుతుందా?"

"వీధి వీధంతా వినబడుతుంది" అనబోయింది.

అతను లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ముక్కాలిపీట లాక్కుని, ఆమెకూ తలుపుకూ మధ్య కూర్చున్నాడు. జూరా కత్తెర పైకెత్తింది.

"దగ్గరికొస్తే పొడిచేస్తాను."

అతను ఉలిక్కిపడి, నెత్తిమీద టోపీ తీసి చేతుల్లో నలపసాగాడు. ఊరి చివర తనకో టైర్ల కొట్టుందని, ఇంటిల్లిపాదీ దాన్ని అమ్మేయమని ప్రాణం తీస్తున్నారని చెప్పాడు. ఇక్కడికి రావాలని ఎన్నిసార్లు బయల్దేరినా కారు దిగే ధైర్యం చాలలేదట.

"నడిచే కొట్టు అమ్మడమెందుకు?" అంది జూరా, కత్తెర దించకుండానే.

అతను వంగి మోకాలు నిమురుకున్నాడు.

"సోమవారం నా కాలు తీసేస్తున్నారు, చెల్లీ."