వంటింట్లో పట్నం

"గీత దాటకు మావా! ఇటు పట్నం," అంది జోగమ్మ, గరిట అడ్డం పెట్టి.

అప్పలసూరి ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. స్టీలు ప్లాంటు వస్తోందని ఊళ్ళో సగాన్ని విశాఖపట్నంలో కలిపేశారు. సర్వేవాళ్ళ సున్నపు గీత సరిగ్గా వాళ్ళింటి మధ్యనుంచే పోయింది. వంటిల్లు, అందులో కొత్త కుళాయి పట్నానివి. వసారా, వాకిట్లో నుయ్యి ఇంకా పల్లెవే.

"పెల్లప్పుడు పట్నం కాపరం అన్నావు. నువ్వు తేలేకపోనావు, అదే నా పొయ్యికాడికి వచ్చీసింది."

"కూసింత టీ అయినా ఇయ్యే."

"పల్లెటూరోల్లకి టీ ఏటి? అంబలి తాగు."

జోగమ్మ కుళాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కింద బిందె ఉంచి తిప్పింది. కుళాయి బుస్సుమంది, దగ్గింది, ఒక కప్పపిల్లను బిందెలోకి ఉమ్మి ఊరుకుంది.

"పట్నపు సుట్టం దిగాడు. ఆడికియ్యి టీ," అన్నాడు అప్పలసూరి.

కప్పను పట్నంలోనే వదిలేసి, ఖాళీ బిందె చంకనెత్తుకుని గీత దాకా వచ్చి ఆగింది జోగమ్మ.

"మావా, మీ ఊరి నూతిలో నీల్లున్నాయేటి?"

"ఉన్నాయి. పరాయి ఊరోల్లకి ఇవ్వం. మా ఊరి కోడలికైతే ఇత్తాం."

జోగమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. ఆనక తలమీదికి కొంగు లాక్కుని, కొత్త పెళ్ళికూతురిలా కుడికాలు ముందు పెట్టి, గీత దాటింది.