మెరుగు పని

మూడో తలుపు కూడా వాపసు వచ్చింది. తెచ్చినవాడు దాన్ని షెడ్డు గోడకు ఆనించి, కింద వేలెడు సందు, పైన రాపిడి, గుమ్మానికి పట్టడమే లేదని చెప్పి వెళ్లిపోయాడు. వడ్రంగి తల ఊపాడు. సిగ్గు వేయాలి. వేయలేదు. భార్య పోయి పదకొండు నెలలు. అప్పటినుంచి ఆయనకు ఏదీ వేయడం లేదు, చివరికి ఆకలి కూడా.

ఒకప్పుడు ఆయన తలుపంటే నూలు పట్టినట్టు తిన్నగా ఉంటుందని పేరు. కొలబద్ద కూడా ముట్టుకునేవాడు కాదు. చెక్కను ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంట ఒక్క చూపు చూసేవాడు. వంపు ఉన్నచోట చిత్రిక పట్టి, చెక్కను భార్య ముందు పడేసేవాడు. గరుకు కాగితంతో రుద్ది మెరుగు పెట్టడం ఆవిడ వంతు. ఆయన ఇంటికెళ్లి తిని, కునుకు తీసి వచ్చినా ఆవిడ ఇంకా అదే రెక్క దగ్గర ఉండేది. "ఎడమచేతి వాటం, నత్తనడక. రెండూ నాకే రాసిపెట్టి ఉన్నాయి," అని ఏడిపించేవాడు. ఆవిడ ఒళ్లో పొట్టు దులుపుకుని లేచేది. మాటకు మాట చెప్పే మనిషి కాదు.

తప్పు కంటిదే అంది కూతురు. కుడి కంట్లో ముక్కు వైపు నుంచి ఎర్రగా కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకింది. ఎండలో, పొట్టులో పనిచేసేవాళ్లకు మామూలే కదా అని ఆయన పట్టించుకోలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. చెయ్యి పోయినవాడు కంటి మీద నెపం పెట్టకూడదు," అన్నాడు. కూతురు వదల్లేదు. చివరికి ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. "కన్నే అయితే షెడ్డు నడుపుతా. చెయ్యి అయితే తాళంచెవి నీ చేతిలో పెడతా."

కళ్ల డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ కండ నల్లగుడ్డును పట్టి లాగుతుందట. బంతిలా ఉండాల్సింది సాగి కోడిగుడ్డులా అవుతుందట. దాంతో అంచులు అలుక్కుపోతాయి, చిన్న వంపులు తెలియవు. కండ తీసేసి, ఆ చోట అదే కంటి పైభాగం నుంచి పలుచటి పొర తెచ్చి కప్పింది. ఆకారం కుదురుకోవడానికి రెండు నెలలు పడుతుందంది.

రెండు నెలలయ్యాక ఆయన వాపసు వచ్చిన తలుపును ఎత్తి, ఎడమ కన్ను మూశాడు. వంపు కొట్టొచ్చినట్టు కనిపించింది. కూతురి ముఖం వెలిగింది. ఆయన మాత్రం కన్ను ఎప్పటినుంచి చెడిందో తేల్చుకుందామని పాత కళ్లజోడు చీటీ వెతికి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అయిదేళ్ల కిందటే కుడి కంటి చూపులో ఇంత తేడా ఉందే. అప్పుడు జోడు వాడారా?" అందామె.

"మా ఆవిడ బలవంతం మీద వచ్చానమ్మా. పొట్టు పడుతుందని పెట్టుకోలేదు."

"అయితే అప్పటినుంచీ ఆ వంపులు మీకు కనిపించి ఉండవు."

అంటే అయిదేళ్ల పనీ వంకరే. చూసి రావాలనుకున్నాడు. బడికి చేసిన ఎనిమిది తలుపులు, మందుల దుకాణం బీరువా, దర్జీ ఇంటి కిటికీలు ఒక్కొక్కటీ కుడి కంటితో చూసుకుంటూ పోయాడు. అన్నీ నూలు పట్టినట్టున్నాయి. ఒక్కటీ వంకర లేదు. వంకరవి ఆ మూడే, ఆవిడ పోయాక చేసినవే.

లెక్క తేలిపోయింది. కన్ను చెడింది అయిదేళ్ల కిందట, పని చెడింది ఆవిడ పోయాకే. కన్ను కాదు, చెయ్యే. ఆవిడతోపాటే పోయింది. ఆయనకు ఏడుపు రాలేదు. ఎవరి సంగతో విన్నట్టు ఉంది.

మర్నాడు కూతురి ఇంటికి వెళ్లి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని పక్కకు జరిపింది. తర్వాత, ఏదో ఒక పని చెప్పకపోతే తండ్రి అలాగే కూర్చుండిపోతాడని కాబోలు, వంటగది తలుపు చూపించింది. నాలుగేళ్ల కిందట ఆయన చేసిందే.

"మడతబందు కిర్రుమంటోంది నాన్నా. కాస్త బిగించి వెళ్లు."

ఆయన మరలు విప్పి రెక్కను బయటికి తీసి, కిటికీ దగ్గరికి మోసుకెళ్లాడు. మడతబందు వైపు అంచు గుమ్మంలో దాగిపోతుంది గనుక దానికి ఎవరూ మెరుగు పెట్టరు. చిత్రిక జాడలు పట్టినవి పట్టినట్టే ఉండిపోతాయి. కుడిచేతి జాడలు ఒక వైపు వాలుతాయి, ఎడమచేతివి ఇంకో వైపు. ఆయన అలవాటుగా ఎడమ కన్ను మూసి, అంచు వెంట చూశాడు.

కింది నుంచి పైదాకా, ఆ జాడలన్నీ ఎడమచేతి వాటంవే.