యాసీన్ ఆటో పాటలు

వరుసలో హన్మయ్య ఆటో ముందుంది. బుగ్గమ్మ దాన్ని దాటి వెళ్లి, వెనకున్న యాసీన్ ఆటో ఎక్కింది. పత్తి ఏరడానికి పోయే ఆమె గుంపంతా ఆమె వెంటే ఎక్కింది.

"అక్కా, నంబర్ నాది!" అన్నాడు హన్మయ్య.

"నువ్వు ఇంకోళ్లను ఎక్కించుకో తమ్మీ. మేం గీ బండ్లనే పోతం."

యాసీన్ పాట పెట్టాడు. డ్రమ్ములు దడదడలాడాయి. ఎవడో ఇంగ్లీషులో గొంతు చించుకున్నాడు. ఆటో తాండూరు అడ్డా దాటి పెద్దేముల్ రోడ్డెక్కింది.

హన్మయ్య తన ఖాళీ బండి దిక్కు చూసుకున్నాడు. ఈ గుంపు దొరికితే పత్తి అయిపోయేదాకా పొద్దున, సాయంత్రం బండి నిండుతుంది. దొరక్కపోతే అడ్డాలో ఈగలు తోలుకోవాలి. అందుకే కొత్త సీటు కుట్టించాడు. చలిగాలి తగలకుండా పక్కలకు పట్టా కట్టించాడు. యాసీన్ సీటు చినిగి స్పాంజి బయటికొచ్చింది. అయినా వాళ్లకు అదే కావాలి. తేడా ఒక్కటే, ఆ పాటలు.

మధ్యాహ్నం చాయ్ దగ్గర యాసీన్‌ను పట్టుకున్నాడు.

"గవేం పాటలు భాయ్?"

"మా చెల్లె మహెక్ ఏసిచ్చింది అన్నా. వికారాబాద్ల చదువుతది గద. అమెరికా పోరగాండ్ల బ్యాండంట. పాప్ పంక్ అంటరట. వాళ్లవి హిట్టయినయన్నీ ఒక్కకాడ జమచేసిన్రు."

"నీకు సమజైతయా?"

"ఒక్క ముక్క గాదు." యాసీన్ నవ్వాడు. "కావాల్నా? పెన్‌డ్రైవ్ తీస్కపో. నా దగ్గర ఇంకోటున్నది."

అడగ్గానే చేతిలో పెట్టాడు. హన్మయ్యకు ఒళ్లు మండింది. భయం ఉన్నవాడైతే దాచుకునేవాడు. వీడికి నేనంటే లెక్కే లేదన్నమాట, అనుకున్నాడు.

పాటలు ఇద్దరి దగ్గరా ఉంటే ఇద్దరూ సమానం. సమానమైతే చాలదు. వాడికి రానిదేదో తనకు రావాలి.

ఆదివారం రైలెక్కి వికారాబాద్ పోయాడు. అక్కడ డిగ్రీ చదివే మేనకోడలు నవనీతను స్టేషన్‌కు పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. చెవుల్లో చెరో వైరు పెట్టుకున్నారు. ఆమె ఫోన్‌లో ఆ బ్యాండు పాటలు మొదటినుంచి మొదలుపెట్టింది.

"ఏమంటున్నడు బిడ్డా?"

"పిల్ల ఇడ్శిపెట్టి పోయిందంట మామా."

"గిది?"

"గీ ఊర్ల ఉండబుద్ధయితలేదు, ఎటన్న పోత అంటున్నడు."

"మరి గిది?"

"అమ్మతోని కొట్లాడి ఇంట్లకెల్లి పోయిండట. ఇప్పుడు ఫోన్ చేద్దామంటే మొఖం చెల్తలేదట."

"గింత దుక్కం పెట్టుకొని గట్ల ఎగురుడెందుకు?"

"గదే పంక్ మామా."

రైళ్లు వచ్చాయి, పోయాయి. చివరి పాట కూడా అయింది. నవనీత చెవి రుద్దుకుంటూ లేచింది.

"కూసో, మళ్ల మొదటికెల్లి పెట్టు," అన్నాడు హన్మయ్య. "యాసీన్‌గానికి గీ పాటలల్ల ఒక్కటి గూడ తెల్వది."

"ఎవలు మామా యాసీన్?"

"ఎవలో ఒకలు. నువ్వు పెట్టు."

సోమవారం పొద్దున యాసీన్ కంటే ముందే అడ్డాకు వచ్చి బుగ్గమ్మకు అడ్డం నిలబడ్డాడు.

"ఒక్క దినం నా బండెక్కు అక్కా. నచ్చకుంటె మళ్ల అడుగ. అవే పాటలు నా తాన గూడ ఉన్నయి."

బుగ్గమ్మ అతని మొహం చూసింది. పాపమనిపించిందో ఏమో, ఎక్కింది. గుంపు ఎక్కింది.

మొదటి పాట మోగింది. హన్మయ్య సౌండు తగ్గించి వెనక్కి తిరిగాడు.

"గిది పిల్ల ఇడ్శిపెట్టి పోయిన పాట అక్కా."

"ముందు రోడ్డు సూడు," అంది బుగ్గమ్మ.

"పోదా మరి?" అంది గుంపులోని నాగరాణి. "పని లేకుండ గిట్ల ఒర్రుకుంట తిరిగెటోనితోని ఎవతుంటది?"

అందరూ గొల్లుమన్నారు. హన్మయ్య గుండె పొంగింది. యాసీన్ బండిలో ఇలాంటి నవ్వు ఏనాడైనా వినబడిందా?

రెండో పాటకు అర్థం చెప్పాడు. "మా ఆయన గూడ గదే అంటడు, బొంబాయి పోతడంట," అంది కరుణ మెల్లగా. మూడో పాట తల్లితో కొట్లాడి ఇల్లు వదిలిన కొడుకుదని చెప్పాడు. నాగరాణి నవ్వు ఆగింది.

"మావోడు గూడ గట్లనే పోయిండు," అంది. "కొట్లాడినంక ఒక్క ఫోన్ చెయ్యలే."

కొంగు కళ్లకద్దుకుంది. ఎవరి ఇంటి సంగతి వాళ్లు మొదలుపెట్టారు. పెద్దేముల్ వచ్చినా మాటలు తెగలేదు. పాట ఎంత పట్టిందో చూడు, ఏడుపు కూడా తెప్పించింది, అనుకున్నాడు హన్మయ్య. గుంపు ఇక తనదే. దారిలో యాసీన్ ఎదురైతే కావాలనే హారన్ కొట్టాడు.

సాయంత్రం చేను పక్కన బండి ఆపి, పాటలు పెట్టుకుని కాచుకున్నాడు. ఆడవాళ్లు జుట్టు నిండా పత్తి నూగుతో రోడ్డు మీదికొచ్చారు. అప్పుడే యాసీన్ ఆటో అటు వచ్చింది. బుగ్గమ్మ చెయ్యెత్తింది. అది ఆగింది. గుంపంతా అందులోకే ఎక్కసాగింది.

హన్మయ్య పరుగున పోయి కడ్డీ పట్టుకున్నాడు.

"అక్కా, ఏం తక్కువ చేసిన? అవే పాటలు గద! ఒక్కొక్కదానికి మతలబ్ చెప్పిన. గీనికేం తెల్సు? ఒక్క ముక్క సమజ్ గాదు గీనికి!"

యాసీన్ తల వంచుకుని హ్యాండిల్ తుడవసాగాడు. బుగ్గమ్మ ఒక కాలు లోపల పెట్టి ఆగింది.

"నాగరాణి పొద్దంత సాలల్ల ఏడ్సుకుంటనే పత్తి ఏరింది తమ్మీ," అంది. "ఇంట్ల మాటలు సమజైతయి, చేన్ల మాటలు సమజైతయి. గీ పాటలు సమజ్ గావనే గద, గీ బండెక్కేది!"