రన్‌వే కింద ఏముంది?

“తీసెయ్! గీ వీడియో ఇప్పుడే, నా కండ్ల ముందట తీసెయ్!”

ఐలవ్వ ఫోనును బల్ల మీద ఠపీమని పెట్టింది. సిద్దిపేట పాత బస్టాండు ఎదురుగా, ఫొటో స్టూడియో పైనున్న చిన్న గది అది. మెట్లెక్కి వచ్చేసరికి అరవై అయిదేళ్ళ ఐలవ్వకు ఆయాసం పట్టింది. అయినా ఆ కోపం ముందు ఆయాసం ఏపాటిది! వెనకాల మనవరాలు త్రివేణి చున్నీ కొస నలుపుకుంటూ నిలబడింది.

బల్ల అవతల కూర్చున్న శైలేందర్‌కు పాతికేళ్ళుంటాయి. ‘శైలేందర్ సంచలనం’ అనే యూట్యూబ్ చానల్ అతనిదే. పట్నం ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు భూమిలో ఏడంతస్తుల గుంత తవ్వారట. అందులో ఏదో శక్తి ఉందట. పైన నడిచే ఆడపిల్లల్లో ఏటా ఒకరిని అది మింగుతుందట. శైలేందర్ చేసిన ఈ వీడియోను మూడు లక్షల మంది చూశారు. వాళ్ళలో ఐలవ్వ కొడుకు జయరాజ్ ఒకడు. తంటా అంతా అక్కడే వచ్చింది.

“ఏమైందవ్వా? కూసో, జర నీళ్ళు తాగు,” అన్నాడు శైలేందర్.

“నీ నీళ్ళు నాకెందుకు? నా మనుమరాలికి గా ఎయిర్‌పోర్టుల నౌకరచ్చింది, సామాన్లు తూకమేసే కాడ. సోమారం పోయి చేరకుంటే ఇంకొకలకు ఇస్తరట. నీ వీడియో చూసి దాని బాపు సర్టిఫికెట్లన్నీ బీరువల పెట్టి తాళమేసిండు. తాళంచెయ్యి మొల్తాడుకు కట్టుకొని తిరుగుతుండు. ‘నా బిడ్డను గా గుంత మీద నిలవెట్ట’ అంటుండు. నాలుగు దినాల సంది పొల్ల ముద్ద ముడ్తలేదు!”

“నేను ఉన్నదే చెప్పిన గదా అవ్వా.”

“ఏంది ఉన్నది?” ఐలవ్వ ఒంటికాలి మీద లేచింది. “మూడేండ్లు గాడ పనిచేసిన. గీ నెత్తి మీద మట్టి మోసిన. గడ్డపార ఏస్తే రాయి, పార ఏస్తే రాయి. దొరికితే ఒక తేలు దొరికేది, లేకుంటే జెర్రి. నీ ఏడంతస్తులు ఏ మూలకున్నయిరా?”

శైలేందర్ తగ్గలేదు. “కూలోళ్ళకు అన్నీ చూపిస్తరా? అండ్లకెల్లి గోల్కొండ దాక సొరంగం ఉన్నదట. రన్‌వే గంత పొడుగు ఎందుకేసిన్రో ఎరుకేనా? గా సొరంగాన్ని కప్పనీకె.”

“విమానం ఉరకాలె గనుక గంత పొడుగేసిన్రు! ఉన్నకాడికెల్లి ఎగరనీకె అదేమన్న పిచ్చుకనా?”

త్రివేణి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఐలవ్వకు మాత్రం కోపం నషాళానికంటింది. చేతులు పగిలి నెత్తురు కారుతుంటే, గుడ్డపీలిక చుట్టుకుని మోసిన మట్టి అది. ఇవాళ ఆ నేల మీద మనవరాలు బూట్లేసుకుని, మెడలో కార్డేసుకుని నడవబోతోంది. ఇంతలో ఫ్యాను కింద కూర్చున్న ఒక పోరడు దాన్ని దయ్యాల కొంప చేసిపెట్టాడు! మట్టి మోసినోళ్ళ గురించి ఏ ఒక్కడైనా ఒక్క వీడియో తీశాడా? లేని దయ్యానికేమో మూడు లక్షల మంది! ఇంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది?

“సర్కారు కట్టిన జాగకు నువ్వు దయ్యాన్ని పట్టిస్తివి. ఇంటికాడ అన్నం తింటున్నవా, ఇంకేమన్న తింటున్నవా?” అంది.

శైలేందర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. “సరే అవ్వా. నువ్వు గాడ పనిచేసినవు గదా, గీ మాటనే కెమెరా ముందట చెప్పు. అంత అబద్ధమని నువ్వంటే పాత వీడియో తీసేసి నీదే పెడ్త. మీ కొడుకు సుత చూస్తడు.”

“పెట్టు నీ కెమెరా! నాకేమన్న భయమా?”

లైటు వెలిగింది. శైలేందర్ ఆమె కొంగుకు చిన్న మైకు తగిలించాడు. ఐలవ్వ ముఖం తుడుచుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. త్రివేణి గోడకానుకుని కళ్ళు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నట్టుంది.

“నేను గా ఎయిర్‌పోర్టుల మూడేండ్లు కూలి చేసిన. పునాది గుంతలు తవ్వినం, మళ్ళ పూడ్చినం. గంతే. దయ్యం లేదు, గియ్యం లేదు. జయరాజూ, ఇంటున్నవా? బీరువ తాళం తియ్యి.” ఊపిరి పీల్చుకుంది. అక్కడితో ఆపినా పోయేది. కానీ కడుపులో మంట ఆగనియ్యలేదు. “గీ కత మొదాలు పుట్టిచ్చినోళ్ళ నోట్ల మన్నువడ! ఎదిగొచ్చిన పిల్ల కడుపు మీద కొట్టిన్రు. గసొంటోళ్ళ నాలికకు వాత పెట్టాలె!”

శైలేందర్ చటుక్కున లేచాడు. అతని ముఖం జేవురించింది.

“అవ్వా, నన్ను ఎన్నన్న తిట్టు, పడ్త. గామెను తిడితే మాత్రం ఊకుండ!”

“ఎవ్వలామె?”

“మాది బెజ్జంకి. మా అమ్మ సుత గాడ మట్టి పనికే పోయింది. అప్పుడు నాకు అయిదేండ్లు. మా అమ్మతోని పనిచేసే ఒకామె కాలు విరిగి మట్టి మొయ్యలేక, గా ఎండకాలమంత మా పన్నెండు మంది పోరగాండ్లను చూసుకున్నది. ‘ఎర్రజెండా దాటకుండ్రి, పిల్లలను మింగేది గా గుంతల ఉన్నది’ అని రోజు పొద్దుగాల్నే చెప్పేది. గా భయానికి ఒక్కడు సుత అటు దిక్కు పోలేదు. అందరం పానాలతోని ఇంటికొచ్చినం. గామె చెప్పింది అబద్ధమెట్లయితది?”

ఐలవ్వ నోరు తెరిచేలోపే త్రివేణి విసురుగా ముందుకొచ్చింది. “ఉత్త మాటలు కాదన్నా, పేరు చెప్పు! నేనూ మా నాయినమ్మా ఇప్పుడే పోయి గామెనే నిలదీస్తం.”

“పేరెట్ల మర్చిపోత?” అన్నాడు శైలేందర్, కెమెరా ఆపకుండానే. “సిద్దిపేట ఐలవ్వ.”